మూలం, మౌలికత, పేరు: కాపీరైటు చట్టంలో ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

‘మౌలికం’ అనే మాట ‘మూలం’ నుండి పుట్టింది. అయినా తెలుగు సాహిత్య విమర్శలో ఈ రెండూ తరచు ఎదురెదురుగా నిలుస్తాయి. సంస్కృత భారతం మూలం. తెలుగు భారతం ఆ మూలాన్ని అనుసరించిన రచన. అంతమాత్రాన తిక్కనకు మౌలికత లేదని ఏ విమర్శకుడూ అనలేదు. మూలం మరొకరిదైనా మౌలికత తనది కావచ్చునన్న ఈ ఎరుక తెలుగు కావ్య చరిత్రకు తొలినుండీ ఉంది. ఆధునిక కాపీరైటు చట్టం కూడా వేరే దారిలో, వేరే అవసరంతో, ఇటువంటి నిర్ణయానికే వచ్చింది. అయితే చట్టం మౌలికతను గుర్తించడంతో ఆగదు. ఆ గుర్తింపుకు స్వామ్యాన్ని జోడిస్తుంది. ‘ఇది నాది, నా అనుమతి లేకుండా మరొకరు వాడరాదు’ అనే అధికారాన్ని ఇస్తుంది. నైతిక ప్రశ్న పుట్టేది అక్కడే. ఎవరి మౌలికత చట్టానికి కనిపిస్తుంది? ఎవరిది కనిపించదు? కనిపించని మౌలికత పట్ల దాన్ని చూడగలిగిన పండితుని బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్నలను ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మూడు ఊళ్ల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మదనపల్లెలో ఒక మహాకవి తన గీతాన్ని తానే అనువదించాడు. పుంగనూరు ప్రాంతంలో భారతం ఏటా ప్రదర్శనగా మారి మళ్లీ పుడుతుంది. కుప్పంలో ఒక విశ్వవిద్యాలయం నోటి సాహిత్యాన్ని అధ్యయన విషయంగా స్వీకరించింది. అనువాదం, ప్రదర్శన, సేకరణ అనే ఈ మూడు పనులూ మౌలికత అనే భావనను మూడు వైపులనుండి పరీక్షిస్తాయి.

చట్టంలో మౌలికత

భారత కాపీరైటు చట్టం (1957) 13వ సెక్షను మౌలికమైన సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకు రక్షణ కల్పించింది. కాని ‘మౌలికం’ అంటే ఏమిటో ఆ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచించే పని న్యాయస్థానాల మీద పడింది. 1916లో ఇంగ్లండులో యూనివర్సిటీ ఆఫ్ లండన్ ప్రెస్ వ్యాజ్యంలో పరీక్షా ప్రశ్నపత్రాలు మౌలిక రచనలేనా అన్న ప్రశ్న వచ్చింది. గణితశాస్త్రానికి చెందిన ఆ ప్రశ్నల్లో కొత్త జ్ఞానం ఏమీ లేదు. అయినా న్యాయస్థానం వాటిని మౌలికాలుగా అంగీకరించింది. చట్టం కోరేది నవ్యతను కాదనీ, రచన మరొకదానికి నకలు కాకుండా కర్తనుండి పుట్టి ఉంటే చాలుననీ ఆ తీర్పు సారాంశం. అంటే మౌలికత అనే మాటను ‘ఇంతకుముందు లేనిది’ అన్న అర్థంనుండి ‘ఇతనినుండి వచ్చినది’ అన్న అర్థానికి ఆ తీర్పు మళ్లించింది.

దీనికి ముందే 1900లో వాల్టర్, లేన్ వ్యాజ్యంలో ఇంగ్లండు ప్రభువుల సభ మరింత ఆసక్తికరమైన తీర్పు ఇచ్చింది. లార్డ్ రోజ్‌బరీ చేసిన ఉపన్యాసాలను పత్రికా విలేఖరులు సంక్షిప్తలిపిలో రాసుకొని ప్రచురించారు. మాటలు వక్తవి, రాసిన నేర్పు విలేఖరులది. ఆ రాతప్రతిపై కాపీరైటు విలేఖరుల శ్రమకూ నేర్పుకూ దక్కింది. పలికినవాడికంటే రాసినవాడిని ముందు చూసే ఈ దృష్టి తరువాతి చర్చకు కీలకం.

శ్రమ ఒక్కటే చాలునా అన్న ప్రశ్నకు 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఫీస్ట్ వ్యాజ్యంలో చాలదని చెప్పింది. టెలిఫోను డైరెక్టరీలో పేర్లను అక్షరక్రమంలో పేర్చడానికి ఎంత కష్టపడినా అందులో కనీస సృజన లేదన్నది దాని నిర్ణయం. భారత సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ వ్యాజ్యంలో మధ్యేమార్గం ఎంచుకుంది. తీర్పుల మూలపాఠంలో అచ్చుతప్పులు దిద్దినంత మాత్రాన ప్రచురణకర్తకు హక్కు రాదు. కాని పేరాలను విభజించి సంఖ్యలివ్వడంలోనూ, ఏ న్యాయమూర్తి దేనితో ఏకీభవించాడో గుర్తించడంలోనూ వివేచన ఉంది కనుక ఆ మేరకు రక్షణ ఉంది. కేవల శ్రమ చాలదు, అసాధారణ ప్రతిభ అక్కరలేదు. నేర్పు, వివేచన, కొద్దిపాటి సృజన ఉండాలి. నేటి భారతీయ న్యాయంలో మౌలికతకు కొలత ఇదే. ఇక 1978లో ఆర్.జి. ఆనంద్, డీలక్స్ ఫిల్మ్స్ వ్యాజ్యంలో భావానికీ ఇతివృత్తానికీ కాపీరైటు లేదనీ, అభివ్యక్తికే ఉందనీ అదే న్యాయస్థానం స్థిరపరిచింది.

ఆలంకారికుల దృష్టి

ఈ చర్చ భారతీయ సాహిత్య మీమాంసకు కొత్తది కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో కవుల మధ్య కనిపించే పోలికను మూడు విధాలుగా విభజించాడు: అద్దంలోని ప్రతిబింబం వంటిది, చిత్రపటం వంటిది, ఇద్దరు మనుషుల దేహాలమధ్య ఉండే సామ్యం వంటిది. మొదటిదానికి తనదైన ఆత్మ లేదు; రెండోదాని ఆత్మ తుచ్ఛమైనది; ఈ రెండూ కవికి త్యాజ్యాలు. మూడోదానికి తన ఆత్మ తనకుంది కనుక దాన్ని విడువనక్కరలేదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణ, అర్థహరణ భేదాలను విస్తరించి, దొంగకాని కవి లేడని పరిహాసంగా అంగీకరించి, స్వీకరించినదాన్ని తనదిగా మలచుకొనే నేర్పును బట్టి కవుల తారతమ్యాన్ని నిర్ణయించాడు.

తెలుగులో ఈ ఆలోచన మరొక రూపం తీసుకుంది. రామరాజభూషణుడు వసుచరిత్రలో కథలను రత్నాలతో పోల్చి, పూర్తిగా కల్పించిన కథలను కృత్రిమ రత్నాలుగా, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నాలుగా, కవి కల్పనతో అలంకృతమైన పూర్వకథలను సానపట్టిన జాతిరత్నాలుగా చెప్పాడు. కేవల కల్పనకు అగ్రస్థానం ఇవ్వకపోవడం ఇక్కడ గమనించదగినది. పింగళి సూరన కళాపూర్ణోదయం వంటి కల్పిత కథాకావ్యం పుట్టిన యుగంలోనే ఈ అభిప్రాయం వెలువడింది. గని ఎవరిదీ కాదు. సానపట్టిన నేర్పు కవిది. ఆర్.జి. ఆనంద్ తీర్పులో ఇతివృత్తం అందరిది, అభివ్యక్తి కర్తది అన్న విభజనకు ఈ ఉపమానం దగ్గరగా ఉంది.

అయితే ఒక భేదాన్ని మరువరాదు. ఆలంకారికులు మౌలికతతో విలువ కట్టారు. చట్టం మౌలికతతో హక్కు ఇస్తుంది. ఆనందవర్ధనుడు ప్రతిబింబకల్పమైన రచన చేసిన కవిని నిందిస్తాడే తప్ప, మొదటి కవికి పరిహారం ఇప్పించడు. ఆ సంప్రదాయంలో పోలిక యశస్సుకు సంబంధించినది. చట్టంలో అది ఆస్తికి సంబంధించినది. యశస్సు పంచితే తరగదు. ఆస్తి మాత్రం ఒకరిని మినహాయిస్తేనే ఆస్తి అవుతుంది.

మదనపల్లె: గీతం, అనువాదం, స్వరలేఖనం

1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన ‘జనగణమన’ 1912 జనవరిలో తత్త్వబోధిని పత్రికలో అచ్చయింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చాడు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన ఆ కళాశాలకు అప్పుడు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రధానాచార్యుడు. విద్యార్థుల సమావేశంలో ఠాగూరు ఆ గీతాన్ని పాడాడు. అక్కడే ఫిబ్రవరి 28 తేదీతో దాన్ని ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’గా ఇంగ్లీషులోకి తెచ్చాడు. సంగీతం చదివిన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలేఖనం చేసింది. 1950 జనవరి 24న ఆ గీతం జాతీయగీతంగా ఆమోదం పొందింది.

ఈ ఒక్క సంఘటనలో మౌలికతకు సంబంధించిన మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది అనువాదం. చట్టం అనువాదహక్కును మూలకర్తకే ఇస్తుంది. అదే సమయంలో పూర్తయిన అనువాదాన్ని వేరొక మౌలిక కృతిగా గుర్తిస్తుంది. అనువాదకుడు మూలాన్ని అనుసరిస్తాడు, కాని మాటలన్నీ అతనివే. ఇక్కడ మూలకర్త, అనువాదకుడు ఒక్కరే కావడం వల్ల హక్కుల సంఘర్షణ లేదు. భావనలోని విశేషం మాత్రం స్పష్టమవుతుంది. ఒకే మనిషి ఒకే గీతానికి రెండుసార్లు కర్త. మౌలికత భావంలో ఉందనుకుంటే రెండోసారి అతడు చేసింది ఏమీ లేదు. అభివ్యక్తిలో ఉందనుకుంటే రెండోసారి కూడా అతడు కొత్తగా రచించాడు. నన్నయ మొదలు శ్రీనాథుని వరకు తెలుగు కవులు చేసిన పనికి సమర్థన ఈ రెండో దృష్టిలోనే ఉంది.

ఆ కాలపు చట్టం అనువాదాన్ని మరో విధంగా కూడా ఆదరించింది. 1914 నాటి భారత కాపీరైటు చట్టం బ్రిటిష్ ఇండియాలో మొదట ప్రచురితమైన రచనల విషయంలో మూలకర్తకున్న ప్రత్యేక అనువాదహక్కును ప్రచురణనుండి పదేళ్లకు పరిమితం చేసింది. ఆ గడువులో కర్త ఏ భాషలో అనువాదం ప్రచురిస్తే ఆ భాషకు సంబంధించి మాత్రం అతని హక్కు కొనసాగుతుంది. అనేక భాషలున్న దేశంలో ఒక భాషలోని రచన మరొక భాషకు చేరడం కర్త ఇష్టానికే పూర్తిగా విడిచిపెట్టదగినది కాదన్న ఆలోచన ఆ నియమం వెనుక కనిపిస్తుంది.

రెండో ప్రశ్న స్వరలేఖనానిది. 1957 చట్టం సంగీతకృతిని మొదట నిర్వచించినప్పుడు, రాతలోనో అచ్చులోనో మరే లిఖితరూపంలోనో ఉన్న బాణీనే సంగీతకృతిగా పరిగణించింది. గొంతులో ఉన్నంతకాలం ఆ నిర్వచనం ప్రకారం అది కృతి కాదు. కాగితం మీదికి వస్తే కృతి. 1977లో ఐ.పి.ఆర్.ఎస్. వ్యాజ్యంలో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ లోపాన్ని ఎత్తిచూపారు. మధురమైన గానానికి కాక లిఖిత స్వరాలకే రక్షణ ఉండడం భారతీయ సంగీత స్వభావానికి సరిపడదని ఆయన భావం. 1994 సవరణ ఈ నిర్వచనాన్ని మార్చి, సంగీతమే కృతి అనీ, లేఖనం దానిలో ఒక భాగం మాత్రమేననీ అంగీకరించింది. మదనపల్లెలో పాడింది ఒకరు, రాసింది మరొకరు. రాయడంలో నేర్పు ఉంది; గౌరవించదగిన నేర్పు. కాని ఆ నేర్పు బాణీకి కర్తృత్వం కాదు. ఠాగూరు వంటి ప్రసిద్ధుని విషయంలో ఈ భేదాన్ని ఎవరూ మరచిపోరు. గాయకుడు అప్రసిద్ధుడైనప్పుడే దాన్ని మరచిపోవడం సులభమవుతుంది.

మూడో ప్రశ్న కాలపరిమితిది. ఠాగూరు 1941లో మరణించాడు. కర్త మరణానంతరం యాభై ఏళ్లన్న నియమం ప్రకారం ఆయన రచనలు 1991 చివర సర్వజనీనం కావలసి ఉంది. ఆ తరుణంలోనే ప్రభుత్వం గడువును అరవై ఏళ్లకు పెంచింది. 1992 సవరణతో అది చట్టమైంది. ఆ రచనలు 2001 చివరివరకు స్వామ్యంలోనే ఉండిపోయాయి. గీతంలో ఉన్న మౌలికత యాభయ్యో ఏట ఎంతో, అరవయ్యో ఏటా అంతే. మౌలికత హక్కుకు ద్వారమే కాని హక్కు పరిమాణాన్ని నిర్ణయించేది అది కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. హక్కు ఎంతకాలం, ఎంతమేరకు అన్నవి సమాజం చేసుకొనే ఏర్పాట్లు. కనుకనే వాటిని నైతికంగా ప్రశ్నించవచ్చు.

పుంగనూరు: ప్రదర్శనలో పుట్టే భారతం

పుంగనూరు పేరు దేశమంతటా తెలిసింది అక్కడి పొట్టి ఆవుల వల్ల. ఆ జాతిని రూపొందించినవారు తరతరాల పశుపాలకులు. వారిలో ఎవరి పేరూ జాతికి లేదు, ఊరి పేరే ఉంది. ఆ ప్రాంతపు భారత ప్రదర్శనల పరిస్థితి కూడా ఇంతే. చిత్తూరు సీమలో ధర్మరాజు, ద్రౌపది గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతాయి. అర్జునుడి తపస్సుకు మాను ఎక్కడం, బకాసుర వధ, చివర నేలమీద పెద్ద మట్టిబొమ్మగా రూపుదిద్దిన దుర్యోధనుడి వధ, నిప్పులగుండం ఇందులో ముఖ్య ఘట్టాలు.

ఇందులో మౌలికత ఎక్కడుంది? కథ వ్యాసునిది, పద్యాల్లో కొన్ని తిక్కనాదులవి, దరువులు గురువులనుండి వచ్చినవి. కాని దరువుకూ దరువుకూ నడుమ నటుడు పలికే వచనం, సభలోని మనుషులను చూసి అప్పటికప్పుడు కట్టే మాట, మానెక్కిన అర్జునుడు ఏ పద్యాన్ని ఎంతసేపు సాగదీయాలన్న నిర్ణయం అతనివి. మోదక్ తీర్పు కోరిన నేర్పు, వివేచన, కొద్దిపాటి సృజన అనే మూడూ ఇక్కడ ఉన్నాయి. తీర్పు పాఠంలో పేరాలు విభజించిన సంపాదకుడి వివేచన కన్నా, ఒక రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన నటుడి వివేచన తక్కువదని చెప్పడం కష్టం.

అయినా చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు. నాటకకృతి నిర్వచనం రంగవిన్యాసం రాతలోనో, మరో విధంగానో స్థిరపడి ఉండాలంటుంది. ప్రతి రాత్రీ మారే వచనం ఆ పట్టుకు అందదు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును ప్రవేశపెట్టి నటులు, గాయకులు మొదలుకొని గారడీవారు, పాములవారి వరకు ప్రదర్శకులుగా గుర్తించింది. ఇది పెద్ద మార్పే. కాని అది ‘ఈ ప్రదర్శన ఇతనిది’ అంటుంది తప్ప ‘ఈ మాటలకు ఇతడు కర్త’ అనదు. ప్రదర్శనను దృశ్యరూపంలో చిత్రిస్తే ఆ చిత్రం చట్టరీత్యా చలనచిత్రం. లిఖితపూర్వకంగా అంగీకరించిన నటుడు, వేరే ఒప్పందం లేనప్పుడు, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని ఆక్షేపించలేడు. వాణిజ్యపరమైన వినియోగంలో రాయల్టీకి మాత్రం అర్హుడు. 13వ సెక్షనులో సాహిత్య, సంగీత కృతులకు ‘మౌలికం’ అన్న విశేషణం ఉంది. శబ్దముద్రణలకూ చలనచిత్రాలకూ ఆ విశేషణమే లేదు. అంటే యంత్రం ముందు సృజించినవాడు మౌలికతను నిరూపించుకోవాలి. యంత్రాన్ని నడిపినవాడు నిరూపించుకోనక్కరలేదు.

కుప్పం: సేకర్త, పరిష్కర్త

ఆంధ్ర, తమిళ, కన్నడ సీమలు కలిసేచోట 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం నోటి సాహిత్య అధ్యయనానికి సహజమైన నెలవు. ఒకే పాట మూడు భాషల్లో మూడు రూపాల్లో తిరిగే ప్రాంతంలో ‘ఇది ఎవరి పాట’ అన్న ప్రశ్నకు సులభమైన జవాబు లేదు. అటువంటి చోట పరిశోధకుడు ఒక గాయని పాటను శబ్దముద్రణ చేసి, లిప్యంతరం చేసి, పాఠాంతరాలు గుర్తించి, సిద్ధాంతవ్యాసానికి అనుబంధంగా చేర్చితే, చట్టం ఎవరిని చూస్తుంది?

సిద్ధాంతవ్యాసానికి కర్త పరిశోధకుడు. శబ్దముద్రణకు నిర్మాత అతడో, సంస్థో. వాల్టర్, లేన్ తీర్పు బాటలో ఆలోచిస్తే లిప్యంతరంలోని నేర్పు కూడా అతనిదే. పాటకు కర్త తెలియదు కనుక ఆ స్థానం ఖాళీ. ఇక గాయనికి ప్రదర్శకురాలిగా ఉన్న హక్కు విషయంలో చట్టంలోని 39వ సెక్షను, సద్బుద్ధితో చేసే బోధనకూ పరిశోధనకూ మాత్రమే ఉద్దేశించిన ముద్రణ ఆ హక్కుకు ఉల్లంఘన కాదంటుంది. ఈ మినహాయింపు అవసరమైనదే; అది లేకుంటే జానపద పరిశోధన అడుగడుగునా ఆగిపోతుంది. కాని దాని ఫలితాన్ని గుర్తించాలి: నోటి సాహిత్యం విషయంలో చట్టం పరిశోధకుని అతని మనస్సాక్షికే విడిచిపెట్టింది. చట్టం మౌనం వహించిన చోట పరిశోధననీతి మాట్లాడవలసి ఉంది.

ప్రాచీన గ్రంథ పరిష్కరణలో ఇదే సమస్యకు మరో ముఖం ఉంది. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2000లో, మృతసముద్రపు చుట్టల్లో ఒకదాని శిథిల పాఠాన్ని పూరించిన పండితునికి ఆ పూరణపై కాపీరైటు ఉందని తీర్పునిచ్చింది. ఖండాలను పేర్చడంలో, ఖాళీలను పూరించడంలో అతని సృజన ఉందన్నది కారణం. దీన్ని సి.పి. బ్రౌన్ కాలంనుండి సాగిన తెలుగు పరిష్కరణ సంప్రదాయానికి అన్వయిస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. పరిష్కర్త వాదమంతా ‘ఇది కవి మాటే’ అన్నది. చట్టం ముందు హక్కు కోరాలంటే ‘ఇది నా సృజన’ అనాలి. మొదటిది నిజమైతే రెండోది తగ్గుతుంది. రెండోది నిజమైతే మొదటిదానిపై విశ్వాసం సడలుతుంది. పరిష్కర్తకు న్యాయంగా దక్కవలసింది పాఠంపై స్వామ్యం కాదు. పాఠనిర్ణయానికి బాధ్యుడిగా పేరు. పీఠిక, పాఠాంతర పట్టిక, టిప్పణి అతని సొంత రచనలు. వాటిపై హక్కు గురించి వివాదం లేదు.

ఒక ఆక్షేపణ, సమాధానం

అట్లయితే నటునికీ గాయనికీ పూర్తి కృతిస్వామ్యం ఇవ్వాలా? దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. నోటి సాహిత్యం బతికేది వినిమయం వల్ల. ఒకరు పాడింది మరొకరు విని, మార్చి, మళ్లీ పాడడమే దాని జీవనవిధానం. ప్రతి మార్పుకూ ఒక యజమానిని నిలిపితే సంప్రదాయం చుట్టూ కంచె వేసినట్టే. అటువంటి కంచె పూర్వం ఉంటే తెలుగు భారతమూ లేదు, భారత ఉత్సవాలూ లేవు. సముదాయానికి సమష్టిగా స్వామ్యం ఇస్తే ఈ చిక్కు తొలగదు. ఎవరు ఆ సముదాయం, ఎవరు దాని తరఫున అనుమతి ఇస్తారు అన్న వివాదం మొదలవుతుంది. మూడు భాషల సరిహద్దులో ఆ వివాదానికి అంతుండదు.

ఈ ఆక్షేపణ సరైనదే. కాని అది స్వామ్యానికి తగులుతుంది తప్ప గుర్తింపుకు తగలదు. కాపీరైటులో నిజానికి రెండు వేర్వేరు ధర్మాలు కలిసి ఉన్నాయి. ఒకటి ఇతరులను మినహాయించే అధికారం. రెండోది తన పేరు చెప్పించుకొనే అధికారం. చట్టమే ఈ రెండింటినీ విడదీసింది. 57వ సెక్షను రచయితకు కాపీరైటు అమ్ముకున్న తరువాత కూడా కర్తగా గుర్తింపు పొందే హక్కును నిలిపింది. 2012 సవరణ 38బి సెక్షను ద్వారా ప్రదర్శకునికీ అటువంటి హక్కును ఇచ్చింది. పేరు చెప్పడం వల్ల పాట ఆగదు. మరొకరు పాడకుండా ఎవరూ అడ్డుకోరు. కంచె లేకుండా గట్టుమీద రాయి పాతినట్టు, ఇక్కడ ఒకరు పనిచేశారన్న గుర్తు మాత్రం నిలుస్తుంది.

దీనినిబట్టి ఒక సూత్రం ప్రతిపాదించవచ్చు. మౌలికత అంటే కృతికీ మనిషికీ మధ్య ఉన్న కర్తృసంబంధం. ఆ సంబంధం ఉన్న ప్రతిచోటా పేరు న్యాయంగా దక్కాలి. మినహాయించే అధికారం మాత్రం సమాజ ప్రయోజనాన్నిబట్టి కొన్నిచోట్ల, కొంతకాలం ఉండవచ్చు. నేటి చట్టం రాతలో ఉన్న మౌలికతకు రెండూ ఇచ్చి, నోటిలో ఉన్నదానికి మొదటిదాన్ని ఆలస్యంగా, అరకొరగా ఇచ్చింది. లోపం అక్కడుంది.

ముగింపు

మదనపల్లె ఉదాహరణ అనుసరణలోనూ మౌలికత ఉంటుందనీ, లేఖనం కర్తృత్వం కాదనీ తెలిపింది. పుంగనూరు ప్రదర్శనలు స్థిరరూపం లేనిచోట కూడా వివేచన, సృజన ఉంటాయని చూపాయి. కుప్పం వంటి చోట్ల జరిగే సేకరణ, చట్టం పరిశోధకునికి ఇచ్చిన స్వేచ్ఛలోనే అతని బాధ్యత ఉందని గుర్తుచేస్తుంది. ఈ బాధ్యత తెలుగు శాఖల్లో ఆచరణయోగ్యమైనది. పాట పక్కన పాడినవారి పేరు, ఊరు, తేదీ వారి సమ్మతితో ఉండాలి. ‘వక్తలు’ అనే జాబితాలో చివర చేర్చడం చాలదు. పాఠాన్ని సవరించితే ఎక్కడ సవరించారో తెలపాలి. పాడినవారి సొంత కల్పనను గుర్తించి సంప్రదాయభాగం నుండి వేరుగా చూపాలి. ముద్రణ ప్రతి ఒకటి వారికి చేరాలి. సేకరణ వాణిజ్యపరమైన ప్రచురణగా మారితే పరిశోధన మినహాయింపు అక్కడితో ముగిసిందని గ్రహించి, వారి అనుమతీ వాటా నిర్ణయించాలి.

కథకు మూలమైన వ్యాసుని పేరు చెప్పి తెలుగు కవులు భారతం రచించారు. మూలాన్ని పేర్కొన్నందువల్ల వారి మౌలికత తగ్గలేదు. ఏది తమదో పాఠకుడు తేల్చుకొనే వీలు కలిగింది. పరిశోధకుడు గాయని పేరు చెప్పినా ఇదే జరుగుతుంది.